నాలుగు రోజుల సెలవుకు ఒక్క లోయ చాలు

ఏప్రిల్ వస్తోందంటే చాలు, బ్రిటన్‌లోని తెలుగు ఇళ్లలో ఒకే రకం ప్రయాణ ప్లాను తయారవుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, పిల్లలకు బడి ఉండదు, ఇంట్లో కారు ఉంటుంది. మొదటి రోజు స్టోన్‌హెంజ్, బాత్. రెండో రోజు కాట్స్‌వోల్డ్స్‌లో మూడు ఊళ్లు. మూడో రోజు తెల్లవారకుండానే లేచి లేక్ డిస్ట్రిక్ట్. నాలుగో రోజు ఇల్లు. కారులో కూర్చున్న గంటలూ, కాళ్లతో నడిచిన గంటలూ పక్కపక్కన రాసుకుంటే ఆ సెలవు ఎవరికి దక్కిందో తెలిసిపోతుంది.

నేను చెప్పేది ఒక్కటే. నాలుగు రోజులే ఉంటే ఒకే లోయ ఎంచుకోండి. రైల్లో వెళ్లండి. మిగతాది నడవండి.

కొండల ఎత్తు చూడాలనుకుంటే ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. అక్కడి అన్నిటికంటే ఎత్తైన శిఖరం స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అర్మ కొండే 1,680 మీటర్లు ఉంటుంది. ఇంగ్లండ్ పల్లెసీమలో ఉన్న అసలు సంపద దారి హక్కు. ఎవరిదో పొలం, ఎవరిదో పచ్చిక బీడు, ఎవరిదో రైతు ఇంటి వాకిలి. వాటి మధ్య నుంచి పోయే కాలిబాట మీద ఎవరైనా, ఎవరి అనుమతీ అడక్కుండా నడవొచ్చు. మన గోదావరి జిల్లాల్లో పుంత అంటారు, గుంటూరు వైపు డొంక అంటారు, తెలంగాణలో బండ్ల బాట. పట్టా ఎవరి పేరున ఉన్నా దారి ఊరందరిదీ. ఆ భావన మనకు కొత్త కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అలాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. 1949 నాటి చట్టం వాటిని మ్యాపులకు ఎక్కించమని కౌంటీలను ఆదేశించింది. మ్యాపుకెక్కిన దారిని రైతు దున్నినా మళ్లీ బాట వేసి ఇవ్వాలి. ఈ హక్కును వాడుకోకుండా కారు అద్దంలోంచి గొర్రెల్ని చూసి రావడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

ఒక్క మాట సవరించుకోవాలి. ఫుట్‌పాత్ అంటే మనకు రోడ్డు పక్కన సిమెంటు గట్టు. అక్కడ ఆ గట్టును పేవ్‌మెంట్ అంటారు. ఫుట్‌పాత్ అంటే ఈ పొలాల మధ్య కాలిబాటే.

ఏ లోయ? నా ఓటు హోప్ లోయకు. డెర్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానవనంలో ఉంటుంది. 1951లో ఏర్పడిన ఈ పార్కే బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ పార్కు. నేను దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం రైలు. షెఫీల్డ్, మాంచెస్టర్ నగరాల మధ్య నడిచే ఆగుతూ పోయే రైళ్లు ఈ లోయలో వరసగా గ్రిండిల్‌ఫోర్డ్, హాథర్సేజ్, బామ్‌ఫర్డ్, హోప్, ఈడేల్ స్టేషన్లలో ఆగుతాయి. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి షెఫీల్డ్ రెండు గంటలు. అక్కడ రైలు మారితే మరో అరగంటకు కొంచెం అటూ ఇటూగా ఈడేల్. మాంచెస్టర్ నుంచి ముప్పావుగంట. షెఫీల్డ్ వైపు నుంచి వస్తే 5.7 కిలోమీటర్ల టాట్లీ సొరంగం వస్తుంది. నగర శివార్లలో చీకట్లోకి దూరిన రైలు ఓక్ అడవి మధ్య తేలుతుంది. దిగవలసిన మొదటి స్టేషన్, గ్రిండిల్‌ఫోర్డ్, ఆ సొరంగం నోటి దగ్గరే.

రెండో కారణం నేల. ఈ లోయ రెండు రకాల రాళ్ల సరిహద్దు. దక్షిణాన సున్నపురాయి, ఉత్తరాన ముతక ఇసుకరాయి, నడుమ షేల్ అనే బలహీనమైన పలక రాయి. సున్నపురాయి 33 కోట్ల ఏళ్ల నాటి వెచ్చటి లోతులేని సముద్రంలో పేరుకున్నది. నీరు దాని పగుళ్లలోకి ఇంకిపోతుంది కాబట్టి అటువైపు వాగులు మాయమవుతాయి, గుహలు పుడతాయి, గడ్డి పొట్టిగా పచ్చగా ఉంటుంది, ఏప్రిల్ చివర కౌస్లిప్ పూలు పసుపుగా విరుస్తాయి. ఇసుకరాయి, షేల్ నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఉత్తరాన పీట్ అనే నల్లటి బురద నేల, హెదర్ పొదలు, చిత్తడి. గోడలు కూడా అంతే. ఒకవైపు తెల్లగా, ఒకవైపు బూడిద నలుపు. మామ్ టార్ అనే 517 మీటర్ల కొండ మీద నిలబడితే రెండు దేశాలు చూసినట్టు ఉంటుంది. ఒక్క చోట నిలబడి తల తిప్పితే రెండు రకాల ఇంగ్లండ్ కనిపిస్తుంటే వంద మైళ్లు కారు నడపడం దేనికి?

మామ్ టార్‌కు వణికే కొండ అని ఇంకో పేరు. తూర్పు ముఖం వేల ఏళ్లుగా జారుతూనే ఉంది. వాన నీరు షేల్ పొరల్లోకి దిగి వాటిని మెత్తబరుస్తుంది, పైనున్న ఇసుకరాయి బరువు తోస్తుంది. ఆ జారుడు నేల మీద 1819 ప్రాంతంలో రోడ్డు వేశారు, పదే పదే బాగుచేశారు, చివరికి 1979లో పూర్తిగా వదిలేశారు. విరిగి మెట్లుమెట్లుగా కుంగిన తారు రోడ్డు మీద ఇప్పుడు నడిచి వెళ్లొచ్చు. పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పడానికి అంతకంటే మంచి బడి నేను చూడలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. మార్చి నెలాఖరులో ఈస్టర్ పడితే ఈ కొండలు ఎండుగడ్డి రంగులోనే ఉంటాయి. వసంతం లోయ అడుగున మొదలై నెమ్మదిగా పైకెక్కుతుంది. ఏప్రిల్ మూడో వారం నుంచి మే నడిమి దాకా సరైన కాలం. బ్లాక్‌థార్న్ తెల్లపూలు అప్పటికి రాలుతుంటాయి, హాథార్న్ మొగ్గ తొడుగుతుంది, పాత ఓక్ తోపుల్లో బ్లూబెల్స్ నీలం చాప పరుస్తాయి. చెట్లు పూర్తిగా ఆకులు వేసి నీడ కమ్మేలోపే ఆ పూలు తమ పని ముగించుకోవాలి. అందుకే వాటికి రెండు మూడు వారాలే. వాటి మధ్యకు దిగి ఫొటో తీసుకోవద్దు. ఆకు నలిగితే ఆ ఏడు దుంపకు తిండి ఉండదు, కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మే మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే. ఆ వారాంతం వదిలేసి మంగళవారం నుంచి శుక్రవారం దాకా పెట్టుకుంటే గదుల అద్దె తగ్గుతుంది, దారులు ఖాళీగా ఉంటాయి. బ్యాంక్ హాలిడే రోజుల్లో పట్టాల మరమ్మతులు పెట్టి రైళ్ల బదులు బస్సులు నడపడం కూడా మామూలే. ఏప్రిల్ చివర సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, కాబట్టి వెలుతురుకు కొదవ ఉండదు.

బస హాథర్సేజ్‌లో పెట్టుకోమంటాను. ఈడేల్ ఎక్కువ అందంగా ఉంటుంది, కానీ చిన్న ఊరు. రాత్రి ఏదైనా కావాలంటే ఇబ్బంది. ఇదే లోయలోని మరో ఊరు కాజిల్టన్‌కు రైలు లేదు. హోప్ స్టేషన్ నుంచి నాలుగు కిలోమీటర్లు. హాథర్సేజ్‌లో స్టేషన్ నడకదూరంలో ఉంది, సరుకుల దుకాణం ఉంది, నడక సామాను అమ్మే దుకాణాలున్నాయి, 1936లో కట్టిన ఆరుబయటి ఈతకొలను ఉంది. నీళ్లు వేడి చేస్తారు కాబట్టి వసంతంలోనూ ఈదవచ్చు.

టికెట్లు షెఫీల్డ్ దాకా ఒకటి, అక్కణ్ణించి ఇంకొకటి అని విడగొట్టకుండా, హాథర్సేజ్ దాకా ఒకే టికెట్ తీసుకుంటే మొదటి రైలు ఆలస్యమైనప్పుడు తలనొప్పి తక్కువ. ముందే కొనే అడ్వాన్స్ టికెట్లు చవక, కానీ రాసి ఉన్న రైల్లోనే ఎక్కాలి. ఇద్దరు పెద్దవాళ్లయితే టూ టుగెదర్ రైల్‌కార్డు మూడో వంతు తగ్గిస్తుంది, అయితే పనిరోజుల్లో ఉదయం 9:30 లోపు చెల్లదు. పిల్లలుంటే ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ కార్డు. దాంతో పిల్లల ఛార్జీ 60 శాతం తగ్గుతుంది. బస్సుల్లో చాలావాటికి 2025 జనవరి నుంచి ఒక ప్రయాణానికి 3 పౌండ్ల పరిమితి ఉంది.

ఇక మ్యాపు. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ పెట్టుకుని ఈ కొండలెక్కడం ప్రమాదం. అందులో గోడలు లేవు, గేట్లు లేవు, నిటారు ఎక్కుడు ఎక్కడుందో తెలియదు, సిగ్నల్ కూడా లోయల్లో పోతుంది. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి. ఇక్కడికి కావలసింది ఓఎల్ 1, డార్క్ పీక్. స్కేలు 1:25,000, అంటే మ్యాపులో నాలుగు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గులాబీ అట్ట ఉన్న 1:50,000 మ్యాపులో పొలం గోడలు చూపించరు. దారి తప్పినప్పుడు మనం ఎక్కడున్నామో చెప్పేది ఆ గోడలే. ఎడమ చేతికి గోడ, రెండో గేటు దాటాక కుడికి: ఇలా చదవడం అరగంటలో వస్తుంది. పొట్టి ఆకుపచ్చ గీతలు ఫుట్‌పాత్, పొడవాటివి గుర్రాలూ సైకిళ్లూ పోయే బ్రిడిల్‌వే. నల్ల గీతల దారి నేల మీద ఉన్నట్టే, అంతే. నడిచే హక్కు ఉందని కాదు. లేత పసుపు పులిమిన చోటల్లా 2000 నాటి చట్టం ప్రకారం దారితో పని లేకుండా తిరగొచ్చు. నేల మీద ఫుట్‌పాత్‌కు పసుపు బాణం, బ్రిడిల్‌వేకు నీలం బాణం. కాగితం మ్యాపు అట్ట లోపల ఒక కోడ్ ఉంటుంది, దాంతో అదే మ్యాపు ఫోన్‌లోకీ దింపుకోవచ్చు. రెండూ ఉండాలి.

పసుపు పులిమిన ఆ హక్కు ఊరికే రాలేదు. 1932 ఏప్రిల్ 24న, వసంతంలోనే, మాంచెస్టర్ ప్రాంతపు కార్మిక యువతీయువకులు కొన్ని వందల మంది హేఫీల్డ్ నుంచి బయల్దేరి కిండర్ స్కౌట్ అనే కొండ మీదకు అనుమతి లేకుండా ఎక్కారు. అప్పట్లో అది జమీందార్ల వేట భూమి, కాపలాదార్లు ఉండేవారు. నడిపించిన బెన్నీ రాత్‌మన్‌కు ఇరవై ఏళ్లు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. పదిహేడేళ్లకు 1949 చట్టం వచ్చింది. ఆ కొండ ఇప్పుడు ఈడేల్ స్టేషన్ నుంచి తలెత్తితే కనిపిస్తుంది.

నాలుగు రోజుల్లో తప్పక చేయవలసిన నడక ఒకటుంది. ఈడేల్ స్టేషన్‌లో దిగి, పొలాల మీదుగా హాలిన్స్ క్రాస్ అనే కనుమకు ఎక్కాలి. అక్కడ కుడికి తిరిగితే కొండ శిరస్సు మీదుగా మామ్ టార్. అదే దారిన వెనక్కి వచ్చి తూర్పుకు పోతే బ్యాక్ టార్, ఆ తర్వాత 476 మీటర్ల లూజ్ హిల్. దాన్నుంచి దిగితే హోప్ స్టేషన్. మొత్తం సుమారు 12 కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 400 మీటర్లు. ఎంతసేపు? 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. ఇక్కడ 2 గంటల 24 నిమిషాలు, దానికి 40 నిమిషాలు కలిపితే మూడు గంటల పైచిలుకు. అది ఆగకుండా నడిచే అలవాటున్నవాళ్ల లెక్క. పిల్లలతో, బురదలో, దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి తిండికి గంట కలపండి. ఆరు గంటలు చేతిలో పెట్టుకుంటే ఎవరి మీదా ఎవరూ విసుక్కోనక్కర్లేదు. ఉదయం పది లోపు ఈడేల్‌లో దిగండి. హోప్‌లో రైళ్లు సుమారు గంటకొకటి, సాయంత్రమూ ఆదివారమూ ఇంకా తక్కువ. తిరుగు రైలు వేళలు ముందే కాగితం మీద రాసుకోండి.

చెడేది ఎక్కడంటే, బ్యాక్ టార్ దగ్గర ఒక నిటారు ముక్క ఉంది, రాళ్లు వదులు. మీరు పడమటి నుంచి వస్తే అది ఎక్కుడు, అదే మేలు. తూర్పు నుంచి వస్తే దిగుడు, మోకాళ్ల మీద పడుతుంది. శిరస్సు మీద గాలి ఎప్పుడూ ఉంటుంది. స్టేషన్‌లో 12 డిగ్రీలుంటే పైన 9 లేదా 10 ఉంటుంది, గాలికి ఇంకా చలిగా తగులుతుంది. జీన్స్, నూలు టీషర్టు వద్దు. నూలు తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. పాలియెస్టర్ లేదా ఉన్ని లోపల, ఫ్లీస్ మధ్య, వాన ఆగే జాకెట్టు పైన. అమ్మ చీరతోనే వస్తానంటే కింది లోయ దారుల దాకా ఫరవాలేదు, కొండ మీదకు మాత్రం వాన ఆపే ప్యాంటు తప్పదు.

బూట్ల అడుగు చూసుకోండి. అరిగిన స్పోర్ట్స్ బూట్లతో తడి సున్నపురాయి మీద కాలు పెట్టడమంటే నూనె రాసిన నేల మీద పెట్టడమే. మన ఇళ్లలో వాన కురిసిన నాపరాళ్ల వసారా గుర్తు చేసుకోండి, నాపరాయి కూడా సున్నపురాయే. కాజిల్టన్ వెనక కేవ్ డేల్ అనే సన్నటి లోయలో శతాబ్దాల నడకకు ఆ రాళ్లు నునుపు తేలి ఉన్నాయి. అక్కడ వాన పడితే దిగవద్దు, ఎక్కండి. ఇసుకరాయి దీనికి పూర్తిగా భిన్నం. తడిసినా పట్టు ఇస్తుంది. అటువైపు ఇబ్బంది పీట్. గట్టి నేలలా కనబడి మోకాలి దాకా దిగుతుంది. కిండర్ మీదకు వెళ్లాలనుకుంటే ఈడేల్ నుంచి అప్పర్ బూత్ మీదుగా జేకబ్స్ ల్యాడర్ రాతి మెట్లు ఎక్కి, అంచు వెంట కొంత నడిచి అదే దారిన దిగండి. పీఠభూమి మధ్యలోకి పోవద్దు. పీట్ కాలువలు గజిబిజిగా ఉంటాయి, మబ్బు దిగితే అన్ని దిక్కులూ ఒకేలా ఉంటాయి.

ఏదైనా జరిగితే 999కు ఫోన్ చేసి ముందు పోలీసుల్ని, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. వచ్చేది స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. మాట వెళ్లనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా మెసేజ్ వెళ్లొచ్చు. దానికి ఇంట్లోనే 999కి ‘రిజిస్టర్’ అనే ఇంగ్లీషు మాట మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. రెండు నిమిషాల పని.

ఏప్రిల్ అంటే గొర్రెలు ఈనే కాలం. ఒంటరిగా అరుస్తున్న పిల్ల కనబడితే ఎత్తుకోవద్దు. తల్లి సాధారణంగా దగ్గర్లోనే ఉంటుంది, మనిషి వాసన, అలికిడి వాటిని విడదీస్తాయి. ఆవుల దగ్గర మరింత జాగ్రత్త. గేదెలూ ఎడ్లూ చూసి పెరిగినవాళ్లం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. మనం చూసినవి కట్టేసిన పశువులు, మనుషులకు మాలిమి అయినవి. శీతాకాలం కొట్టంలో గడిపి అప్పుడే దూడలతో బీట్లోకి వదిలిన ఆవులు బిత్తరగా ఉంటాయి. తల్లికీ దూడకూ మధ్య నడవకండి. దారి వదిలి దూరంగా చుట్టి పోవడంలో తప్పేం లేదు. గేటు మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. నీళ్ల కోసం రైతే తెరిచి పెట్టి ఉండొచ్చు.

అడవుల్లో ఈ నెలల్లో వెల్లుల్లి ఘాటు వస్తుంది, అది అడవి వెల్లుల్లి ఆకు. పచ్చడి చేసుకోవాలని మనవాళ్లకు చేతులు లాగుతాయి, రుచి నిజంగా బాగుంటుంది. అయితే దాని పక్కనే విషపు లార్డ్స్ అండ్ లేడీస్ లేత ఆకులు మొలుస్తాయి. నలిపి వాసన చూస్తే చాలంటారు. మొదటి ఆకుతోనే వేళ్లకు వాసన అంటుకుంటుంది, ఇక ప్రతి ఆకూ వెల్లుల్లిలాగే ఉంటుంది. ఒక్కొక్క ఆకునే తెంపి చూడాలి, గుప్పెడు లాగకూడదు. భూమి యజమాని అనుమతి లేకుండా మొక్కను వేళ్లతో సహా పెరకడం చట్టవిరుద్ధం. గడ్డిలో నడిచిన రోజు రాత్రి పిడుదుల కోసం మోకాళ్ల వెనక, నడుము చుట్టూ, పిల్లల జుట్టు అంచున వెతకండి. సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా పైకి లాగాలి. నూనె పూయడం, కాల్చడం చేయొద్దు. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరిగితే డాక్టరుకు చూపించాలి.

తిండి గురించి. పల్లె పబ్బుల్లో వంటిల్లు మధ్యాహ్నం రెండు, రెండున్నరకు మూసేస్తారు, రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిదికి ఆర్డర్లు ఆపేస్తారు. మూడింటికి ఆకలితో దిగితే చిప్స్ పొట్లాలే గతి. కొండ మీదకు పులిహోర కట్టుకుపోవడం మన అలవాటు. చలికి అన్నం బిరుసెక్కి గింజ గింజగా అవుతుంది, తినబుద్ధి కాదు. చపాతీలో బంగాళాదుంప కూర చుట్టుకుంటే ఆ బాధ లేదు. దానితో ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్లండి. శిరస్సు మీద గాలిలో గోడ చాటున కూర్చుని తాగే ఆ చారుకు ఏ పబ్బు సూపూ సాటి రాదు.

కారుంటే పెద్దవాళ్లకు సుఖం కదా అంటారు. కొంత నిజమే, మోకాళ్ల నొప్పులున్న నాన్నను హాలిన్స్ క్రాస్ ఎక్కించమని నేననను. కానీ ఆ ఒక్క కారణానికి నాలుగు రోజులూ కారుకు కట్టుబడనక్కర్లేదు. కారు పెట్టిన చోటికే తిరిగి రావాలి కాబట్టి ప్రతి నడకా గుండ్రంగానే ఉండాలి. రైలుంటే ఒక స్టేషన్‌లో దిగి ఇంకోచోట ఎక్కొచ్చు. మామ్ టార్ కింది పార్కింగ్ మంచి ఎండ కాసిన వారాంతాల్లో పొద్దున్నే నిండిపోతుంది, రోడ్డు అంచున పెట్టిన కార్ల వల్ల బస్సులు ఇరుక్కుపోతాయి. పెద్దవాళ్లకు ఒక రోజు బేక్‌వెల్ వైపు మాన్సల్ ట్రయిల్ పెట్టండి. 1968లో మూతపడిన రైలు మార్గం మీద వేసిన 13 కిలోమీటర్ల పైచిలుకు చదును బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది. పాత సొరంగాలు 2011లో తెరిచారు, లోపల దీపాలున్నాయి. హెడ్‌స్టోన్ వంతెన మీద నుంచి కింద వై నది మలుపు చూడవచ్చు. మొత్తం నడవక్కర్లేదు, రెండు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరిగినా అసలు అందం చూసినట్టే. సొరంగాల్లో చల్లగా నీళ్లు కారుతుంటాయి, శాలువా తీసుకెళ్లాలి.

ఆఖరి రోజుకు హాథర్సేజ్ నుంచి లెడ్‌మిల్ వంతెన దగ్గరకు వచ్చి, డెర్వెంట్ నది ఒడ్డునే గ్రిండిల్‌ఫోర్డ్ దాకా నడక మిగల్చుకోండి. ఎక్కుడు లేదు, సామాను వీపున ఉన్నా రెండు గంటల్లో అయిపోతుంది. రైలుకు ఇంకా టైముంటే స్టేషన్ పక్కనే పాడ్లీ గార్జ్‌లోకి ఎక్కొచ్చు. పాత ఓక్ చెట్లు, నాచు పట్టిన బండలు, వాటి మధ్య దూకే వాగు. ఏప్రిల్ చివరికల్లా ఆఫ్రికా నుంచి పైడ్ ఫ్లైక్యాచర్ పిట్టలు ఈ చెట్ల తొర్రలకే తిరిగొస్తాయి, నలుపు తెలుపు మగపిట్ట కొమ్మ చివర కూర్చుని పాడుతుంది. బూట్లకున్న బురద స్టేషన్‌కు వచ్చే ముందే గడ్డిలో తుడిచేయండి. రైలు షెఫీల్డ్ వైపుకైతే ఎక్కిన నిమిషంలోపే సొరంగం వచ్చేస్తుంది, అందుకని వెనక కిటికీ పక్కన కూర్చోండి.